యాభైతో భాగించిన పలావు

మొన్న తెనాలిలో కొన్న కరెంటు కుక్కర్ గిన్నె లోపల నీళ్ల గీతలున్నాయి. అలవాటు కొద్దీ స్కేలు పెట్టి కొలిచాను. రెండు గ్లాసుల బియ్యానికి గీసిన గీత ఒక గ్లాసు గీతకు రెట్టింపు ఎత్తులో లేదు, తక్కువలోనే ఉంది. స్కేలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రేపల్లెలో ఉండే మా అక్క భర్త గుర్తొచ్చాడు.

బావ చర్చి పెళ్లిళ్లకు పలావు వండేవాడు. రెండు వందల మందికి తక్కువైతే ఆయనకు పొయ్యి వెలిగించాలని ఉండేది కాదు. పెళ్లిళ్లు లేని నెలల్లో బాపట్ల సముద్రం ఒడ్డున ఒక హోటల్లో హెల్పర్‌గా రొయ్యలు ఒలిచేవాడు. తెల్ల టోపీ పెట్టుకుని చెఫ్ అనిపించుకోవాలని కోరిక. హోటల్ చదువుకు ఇంటర్ కావాలి, ఆయనది ఏడో తరగతి. ఇక మిగిలింది, అనుభవం ఉన్నవాళ్లకు ఏడాదికోసారి పెట్టే వంట పరీక్ష. నలభై అయిదేళ్లు దాటితే అదీ లేదు. బావకు అప్పటికి నలభై నాలుగు నిండి పది నెలలు.

పరీక్షలో నలుగురికి సరిపడా వండాలి, కొలతలు ముందే రాసివ్వాలి. అక్కడికి నేను దిగాను. నా లెక్కలు బడిలోవి కావు, రైస్ మిల్లు కాటా దగ్గర సొంతంగా పట్టుకున్నవి. రెండు వందల మందికి ఇరవై కిలోల బియ్యం, ముప్ఫై లీటర్ల నీళ్లు. యాభైతో భాగిస్తే నాలుగు వందల గ్రాములు, ఆరు వందల మిల్లీలీటర్లు. ఉప్పు, లవంగాలతో సహా అన్నీ భాగించి, తెల్లకాగితం మీద గీతలు కొట్టి రాసిచ్చాను.

"ఓసారి ఇంట్లో వండి చూద్దామా బామ్మర్దీ?" అన్నాడు బావ.

"లెక్కకి రుచి చూడక్కర్లేదు బావా."

"రెండొందల మందికి వండేవాడు నలుగురికి వండలేడా ఏంటి? ఎవరన్నా వింటే నవ్విపోతారు," అంది అక్క.

గుండిగలో వేళ్లు ముంచి నీళ్లు చూసే మనిషి, పరీక్ష రోజు కొలత గ్లాసుతో చూసి పోశాడు. చిన్న గిన్నెలో నీళ్లు ఎంత త్వరగా ఇగిరిపోతాయో నా భాగహారానికి తెలియదు. మెతుకు పలుకుమీదే ఉండిపోయింది. పరీక్ష పెట్టడానికి వచ్చినాయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మర్యాదగా పళ్లెం పక్కకు జరిపాడట.

ఆ సాయంత్రం బస్సు దిగి బావ ఒక్కమాటే అన్నాడు. "ఇంకో గ్లాసు పొయ్యమని చెయ్యి చెబుతానే ఉందిరా. నీ కాయితం చూసి ఆగాను."

ఈ మధ్య బాపట్ల వెళ్లినప్పుడు హోటల్ వెనక నీళ్ల పంపు దగ్గర కనిపించాడు. ఇప్పటికీ రొయ్యలే. నన్ను చూసి, "కిలోకి ఎన్నొస్తాయో లెక్క చెప్పు బామ్మర్దీ," అని నవ్వాడు.

గిన్నెలో ఆ గీత నా కంటపడేసరికి, బావ వయసు పరీక్ష దరఖాస్తులో పట్టే నలభై అయిదు దాటి ఎనిమిదేళ్లయింది.