ఘాట్ దాటితే గౌలిపుర

తెల్లవారి అయిదింటికి గౌలిపురలో బండి దొరుకుతుందో లేదోనన్న బెంగ ఎవరికీ అక్కర్లేదు. పాలబళ్లు అప్పటికే తిరుగుతుంటాయి. ఆ మంగళవారం మా బాపు తన బండి మీద క్యాన్ల మధ్య నన్ను ఇరికించుకుని బార్కస్‌లో దింపాడు. మా టీమ్ వ్యాన్ అక్కడి నుంచే బయలుదేరింది. ఎందుకంటే దాన్ని నడిపే అవద్ భాయ్ ఇల్లు అక్కడే. మా సైకిళ్లు బాగుచేసేదీ, రేసులో మా వెనక కారు నడిపేదీ ఆయనే.

నేను ఆడవాళ్ల ప్రొఫెషనల్ సైకిల్ టీమ్‌లో పనిచేస్తాను. రేసులు గెలుస్తాను అనకుండా పనిచేస్తాను అని కావాలనే అంటున్నాను. ఆరుగురిలో గెలవాల్సింది మా లీడర్ పల్లవి, సాంగ్లీ అమ్మాయి. మిగతా అయిదుగురం ఆమెను గెలిపించాలి. ఎదురుగాలి వీస్తే ఆమెకు అడ్డంగా ముందు తొక్కాలి. నీళ్లు అయిపోతే కారు దాకా వెనక్కి వెళ్లి, బాటిళ్లు జెర్సీలో కుక్కుకుని, మళ్లీ గుంపును అందుకోవాలి. ఆ నీళ్ల పని ఎక్కువగా నాదే. పాలవాళ్ల పిల్లకు ఏరికోరి నీళ్ల పని ఇచ్చారంటే ఆ టీమ్ వాళ్లకు మన సంగతి ముందే తెలిసి ఉంటుందని మా చిన్నాన్న ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

మూడేళ్లుగా తిరిగిన రేసులన్నీ పరాయి రాష్ట్రాల్లోనే. ఇంట్లో వాళ్లు ఒక్కటీ చూడలేదు. ఈసారి నాలుగు రోజుల రేసు. ఆఖరి రోజు శ్రీశైలం రోడ్డు మీదుగా వచ్చి, బార్కస్, ఫలక్‌నుమా దాటి, మా గౌలిపురకు తిరిగే మలుపు లాల్‌దర్వాజ మోడ్ ముందు నుంచే చార్మినార్ చేరుతుంది. వీపు మీద నంబరుతో ఒక్కసారి ఆ మోడ్ దాటాలి, అంతే నా కోరిక. అయితే దానికో చిక్కుంది. ఏ రోజుకారోజు గెలిచినవాళ్ల వెనక ఇంత గడువులోపు చేరాలని లెక్క ఉంటుంది. అది దాటితే మర్నాడు రేసులో చోటు లేదు. శుక్రవారం మా వాడలోకి రావాలంటే, గురువారం శ్రీశైలం ఘాట్‌లో నేను మిగలాలి. ఎత్తు ఎక్కడంలో నేను ఎంత గొప్పదాన్నో మా టీమంతటికీ తెలుసు.

ఎనిమిది కాకముందే జడ్చర్ల చేరాం. ఇడ్లీలు తిన్నాం, చట్నీ జోలికి పోలేదు. రేసు రోజుల్లో మా తిండి పథ్యం కన్నా హీనం: అన్నం, గుడ్లు, పెరుగు, అరటిపండ్లు. మొదటి రోజు రేసు అక్కడి నుంచి కల్వకుర్తి దాకా; సాఫీ రోడ్డు, పత్తి చేలు, చెవుల్లో హోరుమనే గాలి. బస్టాండుకు దగ్గరగా ఉన్న లాడ్జిలో రెండు గదుల్లో ఆరుగురం సర్దుకున్నాం. జెర్సీలు ఎవరివి వాళ్లమే ఉతికి కిటికీలకు ఆరేశాం.

రెండో రోజు డిండి మీదుగా అచ్చంపేట. చెరువు గాలి ప్రాణానికి సుఖంగా ఉంది. రేసు కోసం ఆపిన ఆర్టీసీ బస్సు పక్కగా నేను బాటిళ్లు మోసుకుంటూ పోతుంటే, కండక్టర్ తల బయటపెట్టి ఎవరు గెలుస్తున్నారని అడిగాడు. నేనైతే కాదన్నా అన్నాను. బస్సంతా నవ్వింది.

గురువారం మన్ననూరు. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: అడవి గేటు రాత్రిపూట మూసేస్తారు, పొద్దున గానీ తెరవరు. నీళ్లు అక్కడే నింపుకోండి, అరటిపండ్లు కోతుల కంట పడనీయకండి. దోమలపెంట దాటాక రోడ్డు మలుపులు తిరుగుతూ డ్యామ్ దాకా దిగుతుంది. దిగినంతా మళ్లీ అవతల ఎక్కాలి. రెండుసార్లు కారు దాకా వెళ్లి నీళ్లు తెచ్చాను. డ్యామ్ దాటాక ఆఖరి బాటిల్ పల్లవి చేతికిచ్చాను. ఇక తను చూసుకుంటానని ఆమె హిందీలో చెప్పి, వెనక్కి తిరగకుండా ఎక్కేసింది. నా కాళ్లు అక్కడితో సరి.

ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. చివరికి నా వెనక చీపురు బండి తప్ప ఏమీ మిగల్లేదు. రేసు వదిలేసినవాళ్లను ఊడ్చినట్టు ఎక్కించుకుపోయే వ్యాన్ అది. దాని డ్రైవర్ పెద్దాయన, పాపం మంచివాడు.

"ఎక్కు బిడ్డా, ఫికర్ చెయ్యకు. లోపల ఏసీ ఉంది" అన్నాడు.

"నేను గౌలిపుర పోవాలె తాతా."

"నేను గూడ గటే పోతున్నగా?"

"గట్ల గాదు. నేను తొక్కుకుంటనే పోవాలె."

ఆయన మళ్లీ పిలవలేదు. మలుపు దగ్గర ఆగి ఉన్న యాత్రికుల బస్సు దిగిన ఒకావిడ చెంబెడు నీళ్లు నా మెడ మీద కుమ్మరించింది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఘాట్ వేసినవాళ్లను తిట్టుకున్నాను. తిట్టుకుంటూ తొక్కితే కాస్త నయమని ఆ రోజే తెలిసింది. ముగింపు గీత దాటి సైకిల్ మీద నుంచి ఒరిగిపోతుంటే అవద్ భాయ్ పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ఆయన చేతి గడియారం నా ముక్కుకు తగిలింది.

"అయిపోయింది, అయిపోయింది. టైముల్నే వచ్చినవ్. ఇంక కొంచెమైతే ఖతమే ఉండె" అన్నాడు.

ఆ రోజు గెలుపు పల్లవిదే. మొత్తం రేసులో ముందున్నవాళ్లు వేసుకునే పసుపు జెర్సీ కూడా ఆమెకే వచ్చింది. నేను కార్లో కూర్చుని హాయిగా ఏడ్చాను. నాలుగింటికి పులిహోర పొట్లాలతో బయలుదేరి, గేటు మూసేలోపు అడవి దాటి, కల్వకుర్తి లాడ్జికే తిరిగొచ్చాం. బాపుకు ఫోన్ చేసి, రేపు వస్తున్నా, మోడ్ కాడ నిలబడమని చెప్పాను.

శుక్రవారం ఏడింటికి కల్వకుర్తి నుంచే మొదలు. శుక్రవారం పొద్దున పాతబస్తీలో దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, అందుకే ఆ రోజు పెట్టారు. కడ్తాల్ దాటి తుక్కుగూడ వచ్చేసరికి పల్లవి నా పక్కకు వచ్చింది. మిగతా టీముల లీడర్లతో మాట్లాడానని, ఫలక్‌నుమా దాటాక నన్ను ముందుకు పొమ్మని చెప్పింది. మా రేసుల్లో ఇదొక పద్ధతి. ఎవరి ఊరు వస్తే వాళ్లను ముందుకు వదిలి, గుంపంతా నెమ్మదిస్తుంది. వాళ్లు తమవాళ్లను పలకరించి మళ్లీ గుంపులో కలుస్తారు. ఆ కాసేపు ఎవరూ రేసు చేయరు. వేరేవాళ్లకు చేయగా చూశానే గానీ, నీళ్లు మోసే నాకూ ఇస్తారని అనుకోలేదు.

బార్కస్‌లో చాయ్ హోటళ్ల ముందు లుంగీలు కట్టుకున్న పెద్దమనుషులు నిలబడి అవద్ భాయ్ కారుకు చప్పట్లు కొట్టారు. మేం ఎవరమో వాళ్లకు పట్టలేదు. ఫలక్‌నుమా దగ్గర నా వెనక అన్ని పెడళ్లూ ఒకేసారి ఆగాయి. టిక్‌టిక్‌మని చక్రాల చప్పుడు ఒక్కటే మిగిలింది. నేను ఒక్కదాన్నే షంషీర్‌గంజ్ వైపు జారిపోయాను. ముందు పోలీసు బండి, రెండు పక్కలా జనం, రోడ్డంతా నాదే.

మోడ్ దగ్గర మావాళ్లంతా ఉన్నారు. ఆగి కాలు కింద పెట్టాను. అమ్మ కుంకుమ పట్టుకుని ముందుకొచ్చింది. ఇంతలో బాపు రోడ్డు మీదికి దూకాడు.

"ఎందుకాగినవ్ బిడ్డా? ఎనుక అందరొస్తున్రు, పో!"

"బాపూ, వాళ్లు..."

"ముచ్చట్లు ఇంటికాడ. ముందు ఉరుకు" అంది అమ్మ. కుంకుమ నుదుటికి బదులు హెల్మెట్‌కు పూసింది.

బాపు సీటు పట్టుకుని నెట్టుకుంటూ చెప్పు తెగేదాకా పరిగెత్తాడు. మోటార్ సైకిల్ మీదున్న రిఫరీ నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. షాలిబండ దగ్గర నెమ్మదించి గుంపులో కలిశాను. తరవాత నా పని నేను చేశాను. పల్లవికి గాలి అడ్డుకుంటూ ఊపిరి ఉన్నంతసేపూ ముందు తొక్కి, గీత కనిపించాక పక్కకు తప్పుకున్నాను. రేసు పల్లవి గెలిచింది. చార్మినార్ ఎదుట ఆరుగురం చేతులు పట్టుకుని ఎక్కిన బహుమతుల బల్ల మీద నాకు సిగ్గు లేకుండా సంతోషమేసింది.

ఇంటికి నడిచే వెళ్లాం. నేను సైకిల్ నడిపించుకుంటూ, బాపు తెగిన చెప్పు చేతిలో పట్టుకుని. మొదటి గల్లీలోనే ఎవరో అడిగితే, మా బిడ్డ ఫస్టొచ్చిందని చెప్పాడు. నేను నిలబెట్టి అంతా విడమరిచాను. గెలిచింది పల్లవి అనీ, నేను గుంపులో ఎక్కడో వచ్చాననీ, మోడ్ దగ్గర ముందున్నది వాళ్లు ఆగి వదిలినందుకేననీ. బాపు తెగిన చెప్పు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"గంత మంది ఆగిన్రా, నీ కోసం?"

"ఆగిన్రు."

తరవాతి ఇంటి ముందు పాలు పోయించుకునే ముసలామె అదే ప్రశ్న వేసింది, నీ బిడ్డ ఫస్టొచ్చిందటగా అని.

"ఫస్టు ఎవలో ఒకలు రోజు వస్తరవ్వా" అన్నాడు బాపు. "మా బిడ్డ కోసం రేసే ఆగింది."