జేజినాయన మోకాళ్ళు, నా నడక

నా చిన్నప్పుడు మా జేజినాయనకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. దాంతో నా పంట పండిందనుకున్నాను. జేజినాయన అంటే మా నాయనకు నాయన. జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఉండే మా ఊళ్ళో ఒక పార్టీకి ఆయనే పెద్ద. పార్టీ అంటే ఎలక్షన్లప్పుడు కట్టే జెండా ఒక్కటే కాదు. ఎవరి పెళ్ళికి పోవాలి, ఏ అంగట్లో సరుకు తేవాలి, ఎవరు ఎదురైతే మొహం తిప్పుకోవాలి, అన్నీ పార్టీయే చెప్పేది. ఎలక్షన్లు వచ్చి పోయేవి గానీ కక్షలు మాత్రం పోయేవి కావు.

అరవై దాటినా ఆయన రోజూ వాకిట్లో యాభై బస్కీలు తీసేవాడు. చూసేవాళ్ళుంటే ఇంకో పది ఎక్కువ తీసేవాడు. పెద్దమనిషి మెత్తబడ్డాడని ఎదుటి పార్టీ వాళ్ళు అనుకోకూడదట. ఒకనాడు అలా కిందికి కూర్చున్నవాడు మళ్ళీ పైకి లేవలేకపోయాడు. ఇద్దరు పట్టి లేపి, జీపులో జమ్మలమడుగు దవాఖానాకు తీసుకుపోయారు. నేనూ ఏడ్చి మారాం చేసి ఎక్కి కూర్చున్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

అక్కడి డాక్టరమ్మ ఎవరికీ బెదిరే మనిషి కాదు. ఆయన మోకాళ్ళు ఇటూ అటూ వంచి చూసి, ఎడాపెడా వాయించింది. "బస్కీలు, గుట్టలెక్కేది, బరువులెత్తేది అన్నీ బంద్ పెద్దాయనా. ఈ వయసులో ఒంటిని సతాయించకూడదు, బుజ్జగించల్ల. ఏటి ఒడ్డున తడి ఇసక మీద పొద్దున్నే నిదానంగా నడువు. మాట్లాడతా నడవగలిగేంత జోరు చాలు. ఆయాసమొచ్చిందంటే జోరెక్కువైనట్లు."

జేజినాయనకు నవ్వొచ్చింది. "నడిచేది గూడా ఒక కసరత్తేనా తల్లీ?" అన్నాడు.

"నెల నడిచి మల్లొచ్చి నన్నడుగు," అందామె.

మోకాళ్ళకు మంచిది గానీ, ఆయన ప్రాణానికి అంతకన్నా చెడ్డ సలహా లేదని నాకేం తెలుసు? ఆ రోజుల్లో పార్టీ పెద్దలు పోయిన దారినే తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ప్రొద్దుటూరుకని చెప్పి పులివెందులకు పోయేవాళ్ళు. అట్లాంటిది రోజూ ఒకే వేళకు ఒకే దారిన నడవడమంటే, వచ్చి నన్ను నరకండ్రా అని చీటీ రాసి పంపినట్లే. మనుషులను వెంటబెట్టుకుపోతే కయ్యానికి పోతున్నట్లుంటుంది. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు సాయంత్రం పిల్లలందరినీ వాకిట్లోకి పిలిచాడు. మేం ఐదుగురం.

"నాతోపాటు నడిచేదానికి ఎవురొస్తారు?" అని అడిగాడు గానీ, మేం నోరు తెరవకముందే నా వైపు వేలు చూపించాడు. "ఇది రావల్ల. దీని గొంతు గట్టిది."

ఓయబ్బ, ఆ రోజు నా కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు! మా అన్నలిద్దరి మొహాలు మాడిపోయాయి. మరునాడే ప్రొద్దుటూరుకు మనిషిని పంపి నాకు ఎర్రటి గౌను తెప్పించాడు. పండగ లేదు, పబ్బం లేదు, కొత్త గౌను! నడకకు దాన్నే వేసుకోవాలన్నాడు. పొద్దు పొడవకముందే లేపేవాడు. దారి పొడుగునా నా చేత ఎక్కాలు గట్టిగా చెప్పించేవాడు. గొంతు తగ్గితే "వినపడలేదు పాపా, ఇంగా గట్టిగా" అనేవాడు. ఒక పక్క ఏరు, ఇంకో పక్క కంపచెట్లు. నన్నెప్పుడూ కంపచెట్ల వైపే నడవమనేవాడు. ఏటి పక్క జారి పడతానని ఆయనకు భయమనుకున్నాను. ఎంత ప్రేమో అని మురిసిపోయాను కూడా.

డాక్టరమ్మ మాట అబద్ధం కాలేదు. నెల తిరిగేసరికి ఆయన గోడ పట్టుకోకుండా మెట్లు దిగాడు. రెండు నెలలకు పీట మీద బాసింపట్టు వేసుకొని అన్నం తిన్నాడు. పొడి ఇసుకలో కాలు మెలిక పడుతుందని, తడిసి గట్టిపడిన చోటే అడుగు వేయాలని, ముందు మడమ ఆనించి తర్వాత వేళ్ళు దించాలని నాకూ నేర్పాడు. వచ్చిన చుట్టాలందరికీ "నా మోకాళ్ళను బాగు చేసింది ఇదే" అని నన్ను చూపించేవాడు. ఆ మాట వినడానికి చుట్టాలెప్పుడు వస్తారా అని ఎదురు చూసేదాన్ని.

ఒకనాడు సాయంత్రం నా అరికాల్లో తుమ్మముల్లు దిగింది. మా అమ్మ పిన్నీసుతో తీసి, పసుపు పెట్టి కట్టు కట్టింది. మరునాడు పొద్దున కాలు వాచి, నేల మీద ఆనితే ప్రాణం పోతోంది. జేజినాయన ఎప్పటిలాగే వచ్చి లేపాడు. కాలు చూపించాను. ఆయన వంగి, "పోనీలే, నేను ఎత్తుకొని పోతాలే. దిగద్దు," అని నా చంకల కింద చేతులు వేశాడు.

అప్పుడు మా జేజి, అంటే జేజినాయన భార్య, పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. మొగుడి ముందు గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు దారికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు నడిచేది మోకాళ్ళ కోసం గదా? బరువెత్తకూడదని గదా ఆయమ్మ చెప్పింది? ఇంత బిడ్డను ఎత్తుకొని నడిస్తే మోకాళ్ళు ఏం కావల్ల?"

"ఒక్క పొద్దుకేం కాదులేవే."

"మరి ఒక్క పొద్దుకు దాన్ని ఇడిసిపెట్టి పో."

ఆయన కదల్లేదు. జేజి ఊరుకోలేదు. "పోలేవు. బిడ్డ పక్కన లేకుండా ఆ కంపల దావన పోలేవు. దాన్ని అడ్డం పెట్టుకొని నడుస్తాండావు. నోరు తెరిచి చెప్పు, అందరూ వింటారు."

మా వైపు కక్షలకు కూడా ఒక పద్ధతి ఉందని పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆడవాళ్ళను, పిల్లలను ముట్టుకోరట. పక్కన పిల్ల ఉన్న మనిషి మీద చెయ్యెత్తరట. దేవుడి మీద ఒట్టు వేసినంత గట్టిగా నమ్మేవాళ్ళు ఆ మాటను. జేజినాయన కూడా అదే అన్నాడు. "పిల్లోళ్ళ జోలికి ఎవురూ రారు. నీకు తెల్దా మన పద్ధతి?"

అప్పటికి మా అమ్మ కూడా బయటికి వచ్చింది. మామ ఎదుట తల కూడా ఎత్తని మా అమ్మ ఆ రోజు అడిగింది. "ఆ పద్ధతి ఎవురు రాసిచ్చినారు మామా? చీకట్లో బాంబుకు కండ్లుంటాయా?" తర్వాత మా నాయన వైపు తిరిగి, "నీకూ తెలుసునా ఇది?" అంది. మా నాయన తల దించుకున్నాడు. తెలుసు. వాకిలి కాపలా కాసే మనుషులకూ తెలుసు. తెలియనిది మా అమ్మకూ నాకే.

ఎర్ర రంగు ఎందుకో, గట్టి గొంతు ఎందుకో, కంపచెట్ల పక్క ఎందుకో, అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. ఎనిమిదేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకుంటారు పెద్దవాళ్ళు. తెలుస్తుంది, బాగా తెలుస్తుంది. మంచం మీద నుంచే అడిగాను. "నన్ను అడ్డం పెట్టుకొన్యావా జేజినాయనా?"

అబద్ధం చెప్పి ఉంటే నమ్మేదాన్ని. ఆ రోజుకు నమ్మడానికే సిద్ధంగా ఉన్నాను. ఆయన నా కాలి కట్టు వైపు చూస్తూ, "బతకల్ల గదా పాపా," అన్నాడు. అంతే. తుండుగుడ్డ భుజాన వేసుకొని పశువుల కొట్టం వైపు పోయాడు.

ఆ తర్వాత ఆయన ఏటికి పోలేదు. కొన్నాళ్ళు కొట్టం చుట్టూ తిరిగాడు. ఆ రాళ్ళ నేల మీద నొప్పులు మళ్ళీ మొదలయ్యాయి. నడక మానేసి మంచానికి అంటుకుపోయాడు. మూడేళ్ళకు ఆ మంచం మీదే, జ్వరంతో పోయాడు. ఆయన మీద ఎవరూ కత్తి ఎత్తలేదు. ఆ మూడేళ్ళలో నీళ్ళిమ్మంటే ఇచ్చాను, కాళ్ళు పట్టమంటే పట్టాను. పక్కన కూర్చోమంటే మాత్రం కూర్చోలేదు. ఆ మొండితనానికి ఇప్పుడు బాధ లేదని చెప్పను. అయినా మళ్ళీ ఆ వయసు వస్తే మళ్ళీ కూర్చోను.

నేనంటే ఆయనకు ప్రేమ లేదనుకుంటే ఎంత సుఖంగా ఉండేదో! అలా అనుకోలేను. దారిలో నాకు రేగ్గాయలు ఏరిపెట్టిన చెయ్యి, చలికి తన కంబళి నా మీద కప్పిన చెయ్యి నిజమే. ప్రేమ ఉండీ ఆ పని చేశాడు, అదే నాకు ఇంతకాలమైనా మింగుడు పడలేదు. కంబళి కప్పింది నాకు చలి వేస్తుందనా, నేను వెనక్కి పోకుండానా? రేగ్గాయలు నాకోసమా, ఆయన కోసమా? ఒక్కొక్క మంచి పనినీ ఇట్లా తిరగేసి చూసుకోవాల్సిన గతి పట్టింది. కడుపు మండుతుంది తలుచుకుంటే.

ఇప్పుడు పులివెందులలో నా కొడుకు దగ్గర ఉంటున్నాను. ఆయన మోకాళ్ళే నాకూ వచ్చాయి. ఈ కాలం డాక్టరూ అదే పాట. గెంతవద్దు, పరుగెత్తవద్దు, కుర్చీలో కూర్చొని కాళ్ళు చాచి దించు, నిలబెట్టిన సైకిలు తొక్కు, మెత్తటి నేల మీద నిదానంగా నడువు. చెప్పినట్లే చేస్తున్నాను, మేలుగానే ఉంది. ఈ మధ్య మాత్రం నడుస్తుంటే ఒక్కోసారి తూలుతున్నాను. రోజూ నడిచే కాలేజీ మైదానంలో ఒంటరిగా పడిపోతే దిక్కెవరని గుబులు.

మొన్న పొద్దున నా మనవరాలిని లేపాను. తొమ్మిదేళ్ళది. "రా బంగారూ, నడిచొద్దాం, వచ్చేటప్పుడు కారం దోసె తినిపిస్తా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటను మింగేశాను. మంచం అంచున కూర్చొని ఉన్నదున్నట్లు చెప్పాను. "నాకు పడతానేమోనని భయంగా ఉండాది. నువ్వు పక్కనుంటే పట్టుకుంటానని పిలుస్తాండా. నీకు ఇష్టం లేకుంటే వద్దు."

అది ఒక కన్ను తెరిచి చూసింది. "నిద్దరొస్తాంది అవ్వా, నేను రాను," అని అటు తిరిగి పడుకుంది.

దుప్పటి సరిగ్గా కప్పి, చేతికర్ర తీసుకొని ఒక్కదాన్నే పోయాను. మైదానం గోడ పట్టుకుంటూ, ఆగుతూ, రెండు చుట్లు తిరిగి వచ్చాను. భయం వేయలేదని కాదు. కానీ రానని చెప్పే వీలు ఆ పిల్లకు ఉంది. నాకు ఆ వీలు ఎవరూ ఇవ్వలేదు.