భీమశంకరం పట్టీలు

మా భీమశంకరరావు ఏది కనిపించినా అందులో పట్టీ ముంచి చూస్తాడు. మధురవాడలో మా అపార్టుమెంటులోనే ఉంటాడు, కాలేజీలో బయోటెక్నాలజీ పాఠాలు చెబుతాడు. చొక్కా జేబులో పెన్ను ఉండదు. బయోసెన్సర్ పట్టీలూ, వాటిని చదివే అగ్గిపెట్టెంత మీటరూ ఉంటాయి.

"షుగరు సూసుకునే పట్టీ ఉంది కదా బావా, దాని అన్నదమ్ములే ఇవన్నీ," అంటాడు. "ఒకటి పాలకి, ఒకటి సెరువు నీటికి, ఒకటి సేపలకి." ఏది దేనికో నాకు ఈ రోజుకీ బోధపడలేదు. ఒక గృహప్రవేశంలో పాయసంలో పట్టీ ముంచాడు. మీటరు 'ఎర్రర్' అని చూపించింది. పాయసం వండిన గౌరీశ్వరిగారు మా అసోసియేషన్ ప్రెసిడెంటు. ఆ మాట తననే అన్నట్టు తీసుకున్నారు.

మా ఆవిడ టీ ఇస్తే అందులోనూ ముంచాడు.

"ఏటి సెప్పింది?" అన్నాను.

"తెల్దు బావా. టీకి పట్టీ నా దగ్గర లేదు."

"మరెందుకు ముంచీసావు?"

"అలవాటు తప్పకూడదు కదా."

ఇంతవరకూ సరదాగానే ఉండేది. కానీ గేటు దగ్గరికి చేపల గంపతో వచ్చే గురువమ్మనీ వదల్లేదు. రోజూ అందరికంటే ముందు దిగి ప్రతి చేపకీ పట్టీ తగిలించేవాడు. చేప పాడవడం మొదలైతే ఆ పట్టీ ఇట్టే పసిగడుతుందట.

"ఇలా అనుమానిస్తే పాపం ఆవిడ బేరం పోతుంది. మీరైనా చెప్పండి," అన్నారు గౌరీశ్వరిగారు.

మర్నాడు నేనూ ముందే దిగాను. భీమశంకరం ఒక చందువ చేపను పక్కకి నెట్టాడు. గురువమ్మ కిక్కురుమనకుండా దాన్ని పిల్లికి వేసేసింది.

"నీకు కోపం రాదేటమ్మా?" అన్నాను.

ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఎవులికీ సెప్పకండి బాబూ. కరోనా వొచ్చిన కాణ్ణుంచీ నాకు వాసన తెల్దు. ఐసులో ఎట్టినవన్నీ కంటికి మంచిగానే అగుపడతాయి. ఈ సంగతి తెలిత్తే నా కాడ సేపలెవులు కొంటారు?"

నేను భీమశంకరం వైపు తిరిగాను. "మరి మా టీ? ఆ పాయసం?"

భీమశంకరం మీటరు తుడుచుకుంటూ, "గురువమ్మప్ప గంపొక్కటే సూత్తే జనానికి అనుమానం రాదేటి బావా? అన్నీ సూసే పిచ్చోణ్ణి ఎవులూ ఏటీ అడగరు," అన్నాడు.

వాణ్ణి చూస్తే నాకు భలే ముద్దొచ్చింది. ఇంతలో గౌరీశ్వరిగారు మెట్లు దిగుతూ, "చెప్పారా?" అన్నారు.

"చెప్పానండి. రేపట్నుంచి మా ఇంటి చారు కూడా చూడమన్నాను."

అన్న మాట ప్రకారం మర్నాడు గిన్నె పట్టుకుని గేటు దగ్గర అందరి ముందూ నిలబడ్డాను. మీటరు 'ఎర్రర్' అని చూపించింది. మా ఆవిడ ఇంకా నాతో మాట్లాడటం లేదు.