మామ కాలి కింద పెడలు

మా మేనమామ చెప్పులతో బండి ఎక్కడం నేనెన్నడూ చూడలేదు. ఉదయగిరిలో ఆయనకు సొంత ట్రాక్టరున్న రోజుల్లోనూ అంతే, తర్వాత ఆత్మకూరు రైస్‌మిల్లులో ఫోర్క్‌లిఫ్ట్ తోలిన రోజుల్లోనూ అంతే. చెప్పులు కింద వదిలి, యాక్సిలరేటర్ పెడలును చేత్తో తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుని అప్పుడెక్కేవాడు. చిన్నప్పుడు ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని అడిగేదాన్ని, మొక్కితే స్టీరింగుకు మొక్కొచ్చు గదా, పెడలుకెందుకని.

"స్టీరింగును చేత్తో పట్టుకుంటామే. దీన్ని కాలితో తొక్కతా ఉండాం. అన్నం పెట్టేదాన్ని తొక్కేటప్పుడు ముందు ఒక మాట చెప్పుకోవద్దా?" అనేవాడు.

శుక్రవారం వస్తే ఈ మర్యాద మరీ ఎక్కువ. దుత్తలూరు దాకా మట్టి తోలి వచ్చిన బండికి తలంటు పోసినంత పని చేసేవాడు. "పెళ్లైనకాణ్ణించి నాకు మూర మల్లెపూలు తెచ్చిన పాపాన పోలేదు, దీనికి మాత్రం దండ" అని మా అత్త దెప్పేది. మామ నవ్వుతూ దండ ముడి వేసుకునేవాడు. అందులోంచి ఒక చామంతి తెంపి నా జడలో పెట్టేవాడు. తడిసిన ఇనుము, డీజిలు, చామంతి కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఉదయగిరి కొండ కింద మా ఇంటి వాకిలి గుర్తొస్తుంది.

ఇంజను చప్పుడు వినడం నాకు నేర్పింది కూడా ఆయనే. మిట్ట ఎక్కేటప్పుడు నావైపు తిరిగి "ఇప్పుడేమంటా ఉండాది?" అని అడిగేవాడు. బరువెక్కువైందంటోందనో, ఆయాసపడుతోందనో నోటికొచ్చింది చెప్పేదాన్ని. తప్పు చెప్పినా తల ఊపేవాడు. తర్వాత నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదువుతానంటే ఇంట్లో అందరూ నోళ్లు నొక్కుకున్నారు.

"బండి కింద దూరే ఆడపిల్లను ఎవడు చేసుకుంటాడు?" అంది అవ్వ.

"నేను దూరలేదా, నాకు పిల్లనియ్యలేదా?" అన్నాడు మామ. దాంతో ఆ పంచాయతీ ముగిసింది. ఈ రోజు నా చేతిలో స్పానరు ఉందంటే ఆ ఒక్క మాట వల్లే.

వానలు మొహం చాటేసిన కాలంలో ట్రాక్టరు అమ్మేశారు. ఆ తర్వాత చాలాకాలం మామ ఉదయగిరి బస్టాండులో ఊరికే కూర్చునేవాడు. వచ్చే బస్సుల, పోయే బస్సుల ఇంజన్ల చప్పుడు వింటూ ఉండేవాడు. కాలేజీ నుంచి వచ్చి బస్సు దిగేటప్పుడు ఆయన అక్కడే కనబడేవాడు. ఇంటికి పోదాం రా మామా అంటే, నువ్వు పద, నేనొస్తా అనేవాడు. వచ్చేవాడు కాదు.

అలాంటి సమయంలో ఆత్మకూరు మిల్లు యజమాని చెన్నై నుంచి పాత ఫోర్క్‌లిఫ్ట్ ఒకటి తెప్పించి, డ్రైవరు కోసం వెతుకుతూ మామను పిలిపించాడు. రెండు ఇనుప కొమ్ములను బియ్యం బస్తాల దొంతర కింద దూర్చి అమాంతం పైకెత్తే ఆ బండిని హమాలీలు కొమ్ముల బండి అనేవారు. మొదట్లో దాని పక్కకు పోవడానికే జంకారు. మామ మాత్రం చెప్పులు వదిలి, పెడలు తాకి, ఎన్నాళ్లనుంచో తెలిసిన బండి ఎక్కినట్టు ఎక్కాడు. ఆ సీట్లో కూర్చున్నాక ఆయన నడుము మళ్లీ నిటారైంది.

నేనప్పటికే నెల్లూరులో ఫోర్క్‌లిఫ్టులు రిపేరు చేసే చోట చేరాను. ఆత్మకూరు, వింజమూరు వైపు బండ్లన్నీ నా వంతు. కొంతకాలం అంతా బాగానే నడిచింది. ఒక శనివారం పొద్దున మిల్లు నుంచి కబురొచ్చింది. ముందురోజు పనిలో ఉండగానే బండి మొండికేసిందట. పెడలు ఎంత తొక్కినా ఇంజను వేగం అందుకోదు, నత్తలా పాకుతుంది, ఎదురుగా హెచ్చరిక దీపం వెలుగుతుంది.

ల్యాప్‌టాప్ తగిలిస్తే లోపం ఎక్కడుందో చెప్పే కోడు చూపించింది. యాక్సిలరేటర్ సెన్సరుది. ఈ బండికి ట్రాక్టరులాగా పెడలు నుంచి ఇంజను దాకా తీగ ఉండదు. పెడల్లో రెండు సెన్సర్లుంటాయి. కాలు ఎంత నొక్కిందో ఆ రెండూ విడివిడిగా ఇంజను కంప్యూటరుకు చెబుతాయి. పంచాయతీలో ఇద్దరు సాక్షులు చెరో మాట చెబితే పెద్దమనిషి ఇద్దరినీ నమ్మడు గదా, ఇదీ అంతే. రెండు మాటలూ కలవకపోతే కంప్యూటరు పెడలును లెక్కచేయడం మానేసి ఇంజనును నిదానంగా ఉంచేస్తుంది. ఎవరికీ ప్రమాదం జరగకూడదని ఆ ఏర్పాటు.

తీరా నేను పోయేసరికి సాక్షులిద్దరూ బుద్ధిగా ఒకే మాట చెబుతున్నారు. కోడు తుడిచేసి వచ్చాను. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. రైస్‌మిల్లు గదా, ఎలుకలు కొరికాయేమోనని వైరింగంతా తడిమి చూశాను. ఎక్కడా పంటిగాటు లేదు. పెడలు మొత్తం మార్చాను. కొత్త పెడలుకూ అదే కోడు. నాకు ఒళ్లు మండింది. అది మనిషైతే నాలుగు దులిపి ఉండేదాన్ని.

యజమాని ఓపికున్న మనిషే. కానీ వాకిట్లో లారీలు ఆగిపోతుంటే ఎవరికైనా ఓపిక ఎక్కడుంటుంది? నెల్లూరు నుంచి ఇంకో డ్రైవరును తెచ్చి, ఒక వారం మామ, ఒక వారం అతను తోలాలని పెట్టాడు. కొత్త డ్రైవరు బూట్లేసుకుని, పాటలు వింటూ తోలేవాడు. అతని వారంలో బండి కిక్కురుమనలేదు. మామ వారం రాగానే ఆగింది. మళ్లీ అతని వారం బాగా నడిచి, మళ్లీ మామ వారంలో ఆగింది.

యజమాని నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. "అమ్మా, మీ మామ అని చూడబాక. ఉండేది ఉన్నట్టు చెప్పు. ఆయన కాలు వణకతా ఉండాదేమో, పెడలు సరిగ్గా తొక్కలేక పోతా ఉండాడేమో. దసరా దాటినాక గేటు కాడ కుర్చీ వేయిస్తాను, కూర్చోమను. నేనేం బయటికి పొమ్మనడంలే."

గేటు దగ్గర కుర్చీ అనగానే నా కళ్ల ముందు ఉదయగిరి బస్టాండు కదిలింది. ఇంకోసారి ఆయన్ను అలా కూర్చోబెట్టడమంటే మనిషిని సగం చంపేయడమే అనిపించింది.

"కాలు వణికితే ఈ కోడు రాదండీ" అన్నాను.

"మరి ఆయన వారమే ఎందుకొస్తా ఉండాది?"

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని లేచాను.

బయట మామ బస్తా మీద కూర్చుని, కాళ్లు ముందుకు చాపి, వాటినే చూసుకుంటున్నాడు. అప్పటికే ఎవరో చెవిన వేసినట్టున్నారు.

"అమ్మీ, నా కాలు నిజంగా వణకతా ఉండాదా? నాకు తెలవడంలే. నువ్వు చూసి చెప్పు."

"నీ కాలు కాదులే మామా. లారీలు ఆగిపోతా ఉండాయని మీ యజమానే వణకతా ఉండాడు" అన్నాను. ఎప్పుడైనా ఇలాంటి మాటకు పగలబడి నవ్వే మనిషి ఈసారి నవ్వలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

బండి ఆగేది ఎప్పుడని అడిగాను. ఎప్పుడూ శుక్రవారం మధ్యాహ్నమేనన్నాడు. నేను వచ్చేది శనివారం. అంటే ఏదో ఒకటి శుక్రవారం జరిగి, నేను వచ్చేలోపు సర్దుకుంటోంది. మళ్లీ అడుగురేకు విప్పి పెడలు కింద వైర్లు కలిసే కనెక్టరు ఊడదీశాను. పిన్నుల మీద లేత పచ్చగా చిలుం. ముందు కూడా చూశాను గానీ వానాకాలపు చెమ్మ అనుకుని తుడిచేశాను. ఈసారి వేలు పెట్టి రుద్దాను. వేలికి పసుప్పచ్చగా అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వంటింటి వాసన.

మన దగ్గర పసుపు లేని మిషను ఎక్కడుంది? మోటార్లకు పసుపు, బీరువాలకు పసుపు, కొత్త ఫ్రిజ్జుకు పసుపు. అందుకే ఆ బండి ఒంటినిండా ఉన్న పసుపు ఇన్నాళ్లూ నా కంటికి ఆనలేదు.

మామ వారం వచ్చింది. శుక్రవారం మొదటి బస్సుకే ఆత్మకూరులో దిగాను. మామ అప్పటికే చెంబులో పసుపు కలుపుతున్నాడు. బండి ముందు వంగి, బ్రేకు మీద ఒక ధార, యాక్సిలరేటర్ మీద ఒక ధార, పసిబిడ్డకు నీళ్లు పోసినంత నెమ్మదిగా పోశాడు. నీళ్లు పెడలు మీంచి జారి, రేకు సందులోంచి కిందికి, కనెక్టరు మీదికి బొట్లు బొట్లుగా దిగడం నాకు కనబడుతూనే ఉంది. అయినా ఆపలేదు. నేను మళ్లీ మడ్‌గార్డు మీద కూర్చున్న పిల్లనైపోయాను. బొట్లు పెట్టి, దండ వేసి, అందులోంచి ఒక చామంతి తెంపి నా చేతికిచ్చాడు. అది జడలో పెట్టుకుని, ల్యాప్‌టాప్ తగిలించి పక్కనే నిలబడ్డాను.

ఎండెక్కే దాకా సాక్షులు కలిసే ఉన్నారు. ఆ తర్వాత తెర మీద ఒకరి అంకె పైకి, ఒకరిది కిందికి. దీపం వెలిగింది. మామ బిక్కమొహం వేసి నావైపు చూశాడు.

"నీ కాలుకు ఏమీ లేదు మామా. నువ్వు పోసే నీళ్లు కింద వైర్లలోకి పోతా ఉండాయి" అని కనెక్టరు విప్పి, నీళ్లు ఆపాల్సిన రబ్బరు అరిగిపోయిన చోటు చూపించాను.

"ట్రాక్టరుకు పోయలేదా అన్నేండ్లు?"

"దానికి తీగ. నీళ్లు తగిలితే ఏమైంది? దీనికి కరెంటు మామా."

ఆయన వంగి ఆ పచ్చటి పిన్నులను వేలితో తాకాడు. "అంటే నేను మొక్కినందుకే ఇది ఆగిపోతా ఉండాదా?" అన్నాడు చివరికి. నేను కనెక్టరు తుడవడం మొదలుపెట్టాను.

యజమానికి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఆయన నన్ను చూశాడు, తర్వాత తన బల్ల పక్కనున్న కరెంటు కాటా వైపు చూశాడు. అంకెలు కనబడే అద్దం చుట్టూ పసుపు, నడుమ బొట్టు. "పూజ మానుకోమని నేనెట్ల చెప్పేదమ్మా? ఆ మాట నా నోటికి రాదు" అన్నాడు. మానక్కర్లేదు, నీళ్లు పోయకుంటే చాలన్నాను. నేను గుమ్మం దాటుతుండగా పొడిగుడ్డ ఒకటి తెమ్మని లోపల ఎవరికో పురమాయిస్తున్నాడు. గేటు దగ్గర కుర్చీ మాట మళ్లీ ఎత్తలేదు.

కొత్త కనెక్టరు వేసి, నీళ్లు దూరకుండా గ్రీజు పెట్టి, బొట్లు పైన ఇనుము మీద పెట్టుకోమని మామకు చెప్పాను. గేటు కాడ కుర్చీ తప్పిన సంగతి ఆయనకు పట్టలేదు. "కడక్కుండా ఎట్ల తొక్కేది?" అదే దిగులు. తర్వాతి శుక్రవారం తనే ఫోను చేశాడు. గొంతులో పాత హుషారు.

"దాన్ని కడగొద్దంటివి గదా. నా కాళ్లు కడుక్కొని ఎక్కినాను. మళ్లీ తడి తగలతాదని వేళ్ల సందులు కూడా తుడుచుకున్నాలే."

ఆ కోడు మళ్లీ రాలేదు. మామ అక్కడ చాలాకాలం తోలాడు. చూపు మందగించాక ఎవరూ చెప్పకముందే తనే తాళం అప్పగించి ఉదయగిరి వచ్చేశాడు. ఇప్పుడు ఆ బండి తోలేది అప్పటి కొత్త డ్రైవరే.

మొన్నామధ్య శుక్రవారం పొద్దున సర్వీసు చేయడానికి ఆ మిల్లుకు పోయాను. అతను బూట్లు విప్పి గోడవార పెట్టి, కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. ఎందుకని అడిగాను.

"పెద్దాయన చెప్పి పోయినాడు మేడం. ఈ బండికి ఇట్లనే అలవాటంట."

పక్కకొచ్చి మామకు ఫోను చేసి, చూసింది చూసినట్టు చెప్పాను.

"తుడుచుకున్నాడా?" అన్నాడు మామ.

వెనక్కి తిరిగాను. అతను బండి మెట్టు మీద కూర్చుని, తువ్వాలుతో కాలివేళ్ల సందులు ఒక్కొక్కటే ఒత్తుకుంటున్నాడు.

"తుడుచుకుంటా ఉండాడు మామా" అన్నాను.