ఒక సైజు పెద్ద జాకెట్

"కయాక్ బోల్తా పడితే మా పాప తేలుతుందంటారా?"

చెరువు గట్టున కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలు, అద్దెకిచ్చే పెద్దాయన్ని అడిగాను. ఆయన్ని అందరూ తెడ్ల తాత అనేవారు. ఆయన ఒంగి, మా పాప లైఫ్ జాకెట్‌ను రెండు భుజాల దగ్గరా పట్టుకుని పైకి లాగారు. జాకెట్ చెవులదాకా లేచింది. పాప మాత్రం నేలమీదే ఉంది.

"తాతా, నేను తాబేలునా?" అంది పాప కిలకిలా నవ్వుతూ.

"అవునే బంగారం. డిప్ప తేలి, తాను మునిగే తాబేలువి."

ఆయన నవ్వలేదు. నాకు భయం వేసింది.

"పెరిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దది కొన్నామండీ," అన్నాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. "నేనూ అలాగే కొన్నానమ్మా. మా అమ్మాయి మీ పాపంతే ఉండేది. బకిల్స్ నా చేతుల్తో నేనే పెట్టాను. ఈ చెరువులోనే కయాక్ తిరగబడ్డాక జాకెట్ ఒక్కటే తేలుతూ ఒడ్డుకొచ్చింది. బకిల్స్ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి."

ఆ తర్వాత ఆయన ఆ చెరువును విడిచి పోలేదు. గట్టుమీదే షెడ్డు వేసుకుని, గోడ నిండా పిల్లల జాకెట్లు అన్ని సైజులవీ తగిలించారు. ఆ రోజు వాటిలోంచి సరిపోయేది ఒకటి తీసి మా పాపకు తొడిగి, మళ్లీ ఎత్తారు. ఈసారి పాప కాళ్లు నేల వదిలాయి.

ఆయన చనిపోయాక షెడ్డు మూతపడింది. ఇప్పుడు మేం వేరే చెరువుకు వెళ్తున్నాం. పాప తెడ్డు అందుకునే ముందు నేనూ జాకెట్ భుజాలు పట్టుకుని ఎత్తుతాను. ఆ రోజు ఆయన చెప్పింది ఇదే:

"బకిల్ చూసి నమ్మకమ్మా. ఎత్తి చూడు. జాకెట్‌తో పాటు పిల్ల కూడా లేవాలి."