వానరోజు మగ్గం

అమీర్‌పేటలోని ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లిష్ చెప్పడానికి చేరిన రెండో వారమే యజమాని నన్ను తన గాజు గదిలోకి పిలిచాడు.

"మాస్టారూ, మీరు కథలు రాస్తారంట కదా. ప్రాజెక్ట్ క్లాసు కూడా మీరే తీసుకోండి" అన్నాడు. మాది గోదావరి వైపు, ఆయనదీ అటే. ప్రాజెక్ట్ క్లాసంటే ఏమిటని అడిగాను.

"ఏం లేదండి. మన పిల్లలకి అనుభవం ఉండదు. కంపెనీలేమో రెండేళ్ళన్నా ఉండాలంటాయి. ఆ రెండేళ్ళూ మనమే కాగితం మీద పెడతాం. అడిగితే తడబడకుండా చెప్పాలి గదా. ఆఫీసు ఎలా ఉండేది, పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు, మేనేజరు ఎలాంటోడు... అదంతా మీరు నేర్పాలి. ఇక్కడందరూ చేసేదేలెండి."

ఇచ్చిన మాట కోసం మా తాత రెండు ఊళ్ళ భూమి వదులుకున్నాడని విని పెరిగినవాణ్ణి నేను. శ్రీనగర్ కాలనీలో రెండు గదుల అద్దె వాటాలో ఉంటున్నా, ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటేవాణ్ణి కాదు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు. "కథలు రాస్తారంట కదా" అన్న మాట నన్ను కుర్చీలో కూర్చోబెట్టేసింది. ఆ సందుల్లో అంతవరకు నన్ను ఆ మాటతో గుర్తించినవాళ్ళు లేరు.

అంతకన్నా దిగ్భ్రమ కలిగించిన సంగతి, ఆ పని నేను బాగా చేయడం. పెద్ద అబద్ధం ఎవరైనా చెప్పగలరు. చిన్న వివరం దగ్గర దొరికిపోతారు. నేను అక్కడే పట్టుకునేవాణ్ణి. లిఫ్టు పాడైన రోజు ఎన్ని అంతస్తులు ఎక్కావు? టీ ఎవరు తెచ్చేవారు? నీ కిటికీలోంచి ఏం కనిపించేది? నెల తిరిగేసరికి నా విద్యార్థులు తాము ఎన్నడూ అడుగుపెట్టని ఆఫీసుల గురించి, అక్కడి మేనేజర్ల కోపాల గురించి, క్యాంటీన్ సాంబారు గురించి విసుగ్గా మాట్లాడడం నేర్చుకున్నారు.

ఊహించడం నాకు పుట్టుకతో వచ్చిందని నా నమ్మకం. చిన్నప్పుడు మమ్మల్ని వీధిలోకి పంపేవారు కాదు. మా వాళ్ళు వీధిలో ఆడరు, అంతే. నాకు మేడ మీది కిటికీ ఒక్కటే దిక్కు. దాని రెక్క సందులోంచి దారినపోయేవాళ్ళను చూసి, వాళ్ళ ఇళ్ళు నేనే కట్టేవాణ్ణి, వాళ్ళ పొయ్యిల మీద నేనే వండేవాణ్ణి. చీరల మూట నెత్తిన పెట్టుకుని ఒక నేతగాడు వచ్చేవాడు. అరుగు కిందే నిలబడేవాడు. చీరలు మాత్రం లోపలికి వెళ్ళేవి, ఆడవాళ్ళు చూశాక తిరిగి వచ్చేవి. ఆయన వెళ్ళిపోయాక మనసులో ఆయన వెంట నేనూ వెళ్ళేవాణ్ణి. పెద్దయ్యాక ఆయన మీద ఒక కథ రాశాను. వారపత్రికలో అచ్చయింది. కళ్ళు చెమర్చాయని పాఠకులు ఉత్తరాలు రాశారు. కాలు కదపకుండా ఒక మనిషి బతుకులోకి వెళ్ళిరావచ్చని దాంతో నాకు రూఢి అయిపోయింది.

ఆ బ్యాచ్‌లో చివరి బెంచీలో ఒకమ్మాయి ఉండేది. నల్గొండ వైపు నేత కుటుంబం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు పూర్తి చేసి హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటోంది. వచ్చే సోమవారం పంజాగుట్టలో ఇంటర్వ్యూ. ప్రాజెక్ట్ క్లాసులో నేను సంతకం పెడితేనే ఇన్‌స్టిట్యూట్ పంపుతుంది. అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపాను. కిటికీలోంచి ఏం కనిపించేదని అడిగితే, "ఏం కనబడకపోతుండె సర్, పరదా ఉండె" అనేది. క్లాసంతా నవ్వేది.

"నీకు ఊహ లేదమ్మా" అన్నాను ఒకరోజు. చూడని బతుకును ఎలా కట్టాలో తెలియాలని నా కథను జిరాక్స్ తీయించి అందరికీ పంచాను. "దీన్ని చదవండి. ఆ ఇంట్లో నేనెన్నడూ అడుగుపెట్టలేదు" అన్నాను. గర్వంగానే అన్నాను.

శనివారం ఆమె ఆ కాగితాలతో లేచి నిలబడింది.

"సర్, మీ కథల రాత్రంత వాన గొట్టింది గదా."

"అవును."

"పొద్దుగాల ఆయన పాట వాడుకుంట మగ్గం నేస్తుండు."

"అవును. వాన వెలిసిన ఉదయం కదా, ఆ సంతోషం."

"కాళ్ళు యాడ వెట్టుకున్నడు సర్?"

నాకు అర్థం కాలేదు.

"గుంట మగ్గమని మీరే రాసిన్రు. వానొస్తె కాళ్ళు వెట్టే గుంటల నీళ్ళూరుతయ్. మగ్గం మీద పరిచిన పడుగు పోగులు సుత తేమ వట్టి సాగుతయ్. వానకాలమంటె మాకు పని బందు సర్. ఆ దినాలల్ల మా నాయిన గుమ్మంల కూసొని మొగులు దిక్కే చూస్తడు. పాటలు వాడడు."

ముందు బెంచీలోంచి ఎవరో, "సర్‌ను రిజెక్ట్ చేసింది రా భాయ్" అన్నారు. క్లాసు గొల్లుమంది.

నేను వెన్ను నిటారుగా చేసుకుని, "అది సాహిత్యం. ప్రతిదీ నిజం కానక్కర్లేదు" అన్నాను.

"గట్లయితె నేను జెప్పేదాన్ల తప్పులెందుకు వట్టిన్రు సర్?"

ఎగతాళి కాదు. తెలుసుకోవాలనే అడిగింది. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళందరూ నాలాంటి కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళేనని అప్పుడు తట్టింది. వాళ్ళలో ఒక్కరూ గుంట గురించి అడగలేదు. నేనూ అడగలేదు. ఆ నేతగాడు మా అరుగు కింద నిలబడే ఉన్నాడు, అడిగితే చెప్పేవాడు.

ఆ పూట ఆమె కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. ఆమె తయారు కాలేదని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం మెట్ల దగ్గర ఎదురుచూస్తూ కనిపించింది. "సోమవారమే సర్" అంది, అంతే. మొహం చూడకుండా సంతకం పెట్టి ఇచ్చేశాను.

మంగళవారం వచ్చి, ఉద్యోగం రాలేదని చెప్పింది. ఎక్కడ తడబడ్డావని అడిగాను.

"తడబడలేదు సర్. ఇంటర్వ్యూ జేసేటాయన పాత ఆఫీసు ఎట్లుంటదో జెప్పుమన్నడు. మీరు నేర్పింది మొత్తం నోట్ల ఉండె. చెప్పబోతుంటె మీ కథ యాదికొచ్చింది."

"నా కథా?"

"మీరు మస్తు రాసిన్రు సర్. గంత మంచిగ రాసినా మా ఇంట్ల ఒక్క వానకాలం ఉన్నోళ్ళు చదివితె మీరు దొరుకుతరు. నేనెంత? ఆయన పదేండ్ల సంది ఆఫీసులల్ల ఉన్నోడు. నేను యాడా పని చెయ్యలేదని జెప్పిన. థాంక్యూ అన్నడు. అయిపోయింది."

ఆమెకు ధైర్యం రావాలని ఇచ్చిన కథ ఆమె నోటి దగ్గరి ఉద్యోగాన్ని తోసేసింది. నా రాత వల్ల ఒకరి కళ్ళు చెమర్చాయని విన్నాను గానీ, ఒకరి బతుకు ఇలా మలుపు తిరగడం చూడలేదు. తిట్టినా బాగుండేది.

"మీరేం ఫికర్ జెయ్యకున్రి" అంది. మా ఇంటివాళ్ళను మరొకరు ఓదార్చడం నేనెరగను. ఏం చేయాలో తెలియక జేబులో పెన్ను సర్దుకున్నాను.

"గురువారం ఇంకోటుంది సర్. గప్పుడే చదువైనోళ్ళను సుత తీసుకుంటరంట. నా గురించి నాలుగు ముక్కలు ఇంగ్లిష్‌ల నేర్పున్రి. నిజంగ నా గురించి."

ఖాళీ క్లాసులో కూర్చున్నాం. ఇంట్లో ఏం పని చేసేదానివని అడిగి, జవాబు రాకముందే అలవాటు కొద్దీ నా బుర్ర బొమ్మ గీసేసింది. "రాట్నం తిప్పేదానివి, అంతేనా?" అంటూ రాయబోయాను.

"కాదు సర్. పడుగు అతుకుతుంటి."

"అంటే?"

"చీరలు ఒడిసినంక మగ్గం మీద పాత పోగుల కొసలు మిగులుతయి. ఒక్కో కొసకు కొత్త పోగు కలపాలె. అన్ని పోగులకు."

కొట్టేసి మళ్ళీ రాయబోతుంటే, "గట్ల రాస్తె తెలువది" అని తన చున్నీ అంచులోంచి రెండు దారాలు లాగింది. కొసలు పక్కపక్కన పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి మెలివేసింది. పట్టి లాగినా ఊడలేదు. మరో రెండు లాగి నా చేతిలో పెట్టింది.

నేను మెలివేశాను. ఊడిపోయింది.

"వేళ్ళు తడి జేసుకోన్రి సర్" అంది.