రేవుకొక్కరు

మొన్న రాజమండ్రిలో ఒక బడి ముందు నేనెక్కిన ఆటో ఆగింది. లోపల ఎవరో రైలుపట్టా ముక్క మీద సుత్తితో గంట కొట్టారు. ఆ ఖంగుమనే మోత ఆరకముందే నా కళ్లు గేటు వైపు తిరిగాయి. రిటైరైనా ఈ జబ్బు వదల్లేదు. దీన్ని నాకు అంటించింది అన్నపూర్ణ గారు, తొంభైల్లో గోదావరి ఆవలి గట్టున మా హైస్కూలు ప్రధానోపాధ్యాయిని.

నేనప్పుడు కొత్తగా చేరిన సోషల్ మాస్టారిని. రాజ్యాంగమంతా నా జేబులో ఉందనుకునేవాణ్ణి. ఉన్నది చాక్‌పీసు ముక్క. ఆవిడ సరేననగానే బడిలో పార్లమెంటు పెట్టాను. కింది సభను పిల్లలు ఓట్లేసి ఎన్నుకున్నారు. పెద్దల సభకు మాత్రం తరగతికొక ఫస్టు ర్యాంకరును నేనే నియమించాను. కింది సభ ఏం తీర్మానించినా పై సభ ఒప్పుకోవాలి. ఆ పెద్దల్లో పెద్దవి మార్కులొక్కటేనని నాకు తట్టలేదు.

మొదటి తీర్మానం గంట గురించే. నది మధ్య లంక నుంచి పదకొండు మంది పిల్లలు పడవ మీద వచ్చేవారు. పడవ ఆలస్యమైతే గేటు మూసేసేవారు; మొదటి పీరియడంతా బయట ఎండలో నిలబడాలి. బడి గంటను పావుగంట ఆలస్యంగా కొట్టాలని కింది సభ కోరింది. "క్రమశిక్షణ చెడుతుంది" అని పై సభ కొట్టేసింది. ఆ మాట నేను నేర్పిందే.

మర్నాడు లంక పిల్ల, తొమ్మిదో తరగతి సత్యవతి, అర్జీ పట్టుకుని అన్నపూర్ణ గారి గదికి వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"టీసీ ఇచ్చెయ్యండి మేడమ్ గారండీ. గేటు కాడ నిలబడ్డానికా నిన్ను పంపేది అంటన్నాడండి మా నాన్న."

"శనివారం దాకా ఆగుతావా అమ్మా?"

"ఆయ్, ఆగుతానండి. అయినా ఆ పై సభోళ్లని ఎవరు ఎన్నుకున్నారండి?"

ఆవిడ నా వైపు చూశారు. నేను చాక్‌పీసు వైపు చూశాను.

సత్యవతి వెళ్లాక, రాత్రికి రాత్రి పార్టీ మార్చే నాయకుడిలా, "అందర్నీ ఓట్లతోనే పెట్టేద్దామండి" అన్నాను.

"ఐదొందల ఓట్లలో పదకొండు ఏం తేల్తాయండీ మాస్టారూ? మీరు నియమించినప్పుడూ వాళ్లు లేరు, ఎన్నికలు పెడితే ఉంటారా?"

శనివారం తెల్లవారుతూనే ఆవిడ పై సభనంతా, నన్నూ లంకకు తీసుకెళ్లి, పిల్లల పడవలో తిరుగు ప్రయాణం కట్టించారు. నడి గోదావరిలో పడవ ఇసుక మేటకు తట్టుకుంది. లంక పిల్లలు పుస్తకాలు పడవలో పెట్టేసి తొడలోతు నీళ్లలోకి దూకి పడవను నెట్టసాగారు. నేను చెప్పులు ఎక్కడ దాచుకోవాలా అని చూస్తుండగా, పదవీ విరమణకు ఏడాది కూడా లేని అన్నపూర్ణ గారు చీర చెంగు దోపుకుని దిగేశారు. ఆవిణ్ణి చూసి పై సభ దిగింది. చివరికి నేనూ దిగాను. సరిగ్గా అప్పుడే నీళ్ల మీదుగా మా బడి గంట వినిపించింది.

మేము చేరేసరికి గేటు మూసేసి ఉంది. బంట్రోతు వెంకన్న తాళంచెవులతో పరుగెత్తుకొచ్చాడు. "అయ్యబాబోయ్, మీరా అండీ!"

"మూసే ఉంచు వెంకన్నా. పీరియడ్ అవనీ" అన్నారావిడ. పదకొండు మంది పిల్లల పక్కన, చీర నుంచి గోదావరి కారుతుండగా, ఎండలో పీరియడంతా కదలకుండా నిలబడ్డారు. అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

గేటు తెరిచేలోపే పై సభ తన మాట వెనక్కి తీసుకుని గంట తీర్మానానికి ఒప్పుకుంది. ఎనిమిదో తరగతి ర్యాంకరు రమ, "మేం దిగిపోతాం మేడమ్. మమ్మల్ని ఎవరూ ఎన్నుకోలేదుగా" అంది.

"దిగండి. ఇక అందరూ ఓట్లతోనే రావాలి" అన్నారావిడ. తర్వాత నాతో, "తలలు లెక్కపెట్టడానికి కింది సభ ఉందిగా మాస్టారూ. పై సభకు మాత్రం ఊరికి ఒక్కరు, రేవుకు ఒక్కరు" అన్నారు.

లంక రేవు నుంచి సత్యవతి గెలిచింది, పదకొండు ఓట్లతో. టీసీ అర్జీని తనే అడిగి వెనక్కి తీసుకుంది.

ఆటో కదలబోయింది. వీధి చివర నుంచి సంచులు ఊపుకుంటూ ఇద్దరు పిల్లలు పరుగెత్తుకొస్తున్నారు. వాచ్‌మన్ చెయ్యి గేటు మీద ఉంది.

"ఒక్క నిమిషం బాబూ" అని డ్రైవరుతో చెప్పి దిగాను. వాచ్‌మన్‌ను పలకరించి, వాళ్లు లోపలికి వెళ్లేదాకా అతనితో ఎండల గురించి మాట్లాడుతూనే ఉన్నాను.